పత్రిక నడుపు విద్య

ఒక పరిశోధకుడు సంవత్సరముల తరబడి శ్రమించి వ్రాసిన వ్యాసమును విద్వత్పత్రికకు పంపునప్పుడు పారితోషికమును కోరడు. దానిని చదివి తప్పొప్పులు తేల్చు సమీక్షకులును, తమ బోధనావిధులు ముగిసిన పిమ్మట మిగిలిన రాత్రివేళలను అందుకై వెచ్చించియు, సామాన్యముగా ఒక్క రూపాయియైనను పుచ్చుకొనరు. ఆ పరిశోధనకు వలసిన ధనము సయితము పెక్కుచోట్ల ప్రజలు చెల్లించిన పన్నులనుండి వచ్చినదే. ఇందఱు ఉచితముగా సమకూర్చిన ఆ వ్యాసము అచ్చయిన పిమ్మట దానిని చదువగోరిన విద్యార్థి ప్రచురణకర్త యడిగిన మూల్యమును చెల్లింపవలసి వచ్చుట, చెల్లింపజాలనివాడు గడప వెలుపలనే నిలిచిపోవలసి వచ్చుట, ఇరువదవ శతాబ్దపు ద్వితీయార్ధమున ప్రపంచమంతటను స్థిరపడిన ఆచారము.

ఈ ఆచారమునకు ఎదురునిలిచినవారు కాలక్రమమున పెక్కుమంది యైరి. 1991లో పాల్ గిన్స్‌పార్గ్ అను భౌతికశాస్త్రజ్ఞుడు అమెరికాలోని లాస్ అలామోస్‌నందు వ్యాసముల ముందుప్రతులను ఎవరైనను చదువుకొనుటకు వీలుగా ఒక భాండారమును నెలకొల్పెను; నేడు ఆర్కైవ్ అను పేరుతో లోకప్రసిద్ధమైనది అదియే. 2001 డిసెంబరులో బుడాపెస్టు నగరమున కొందఱు విద్వాంసులు సమావేశమై, 2002 ఫిబ్రవరి 14వ తేదీన ఒక ప్రకటనను వెలువరించినప్పటినుండి ‘ఓపెన్ యాక్సెస్’ అను మాట వాడుకలో నిలిచినది. పరిశోధనావ్యాసములను అంతర్జాలమున ఎవ్వరైనను వెల లేక చదువుకొనవచ్చును, దింపుకొనవచ్చును, ప్రతులు తీసి పంచవచ్చును, కర్తృత్వమును గౌరవించి పేర్కొనిన చాలును అనుట ఆ ప్రకటన సారాంశము. మరుసటి సంవత్సరముననే స్వీడనులోని లండ్ విశ్వవిద్యాలయము ఇట్టి పత్రికల పట్టికను, ‘డైరెక్టరీ ఆఫ్ ఓపెన్ యాక్సెస్ జర్నల్స్’ అనుదానిని, ప్రారంభించెను.

చదువరికి లభించిన ఈ స్వాతంత్ర్యమును గూర్చి చాలమంది వ్రాసియున్నారు. నేను వ్రాయదలచినది దాని ప్రక్కనే యుండియు తగినంత దృష్టికి రాని మఱియొక విషయము. వ్యాసమును ఉచితముగా ఇయ్యవలెనన్నను దానిని స్వీకరింపవలెను, సమీక్షకులకు పంపవలెను, వారి యభిప్రాయములను కర్తకు తెలుపవలెను, భాషను సవరింపవలెను, కూర్పు చేయింపవలెను, ప్రపంచములోని గ్రంథాలయసూచికలకు దొరకునట్లుగా దాని వివరములను నమోదు చేయవలెను, ఏబది సంవత్సరముల తరువాతను చెడకుండ భద్రపఱుపవలెను. ఈ పనులన్నియు ఒక వృత్తివిద్య. పెద్ద ప్రచురణసంస్థలలో దానిని క్రొత్తగా చేరినవారు అనుభవజ్ఞుల ప్రక్కన కూర్చుండి నేర్చుకొందురు. గోడ వెలుపలివారికి అది అందదు. వ్యాసములకు వేసిన తాళము ఊడినను ఈ విద్యకు వేసిన తాళము అటులనే యుండినచో, చిన్న కళాశాలలోని ఆచార్యుడు మంచి చదువరి కాగలడు గాని పత్రికాసంపాదకుడు కాజాలడు.

జాన్ విలిన్‌స్కీ అను విద్యాశాస్త్రాచార్యుడు కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయమున 1998లో ప్రారంభించిన ‘పబ్లిక్ నాలెడ్జ్ ప్రాజెక్టు’, సంక్షేపముగా పి.కె.పి., ఈ చిక్కును తొలుదొల్త గుర్తించిన ప్రయత్నములలో నొకటి. తరువాత సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయము దానికి నెలవైనది. 2001లో వారు ‘ఓపెన్ జర్నల్ సిస్టమ్స్’ అను సాఫ్ట్‌వేరును విడుదల చేసిరి, ఓ.జె.ఎస్. అనుట దానికి వాడుక పేరు. వ్యాసము వచ్చిన క్షణమునుండి సంచికలో చేరువఱకును జరుగవలసిన కార్యక్రమమంతయు దానిలో వరుసగా నమర్పబడియున్నది: స్వీకరణము, సమీక్ష, ప్రతిసంస్కరణము, ప్రచురణము అను నాలుగు దశలును, ఒక్కొక్క దశలో ఎవరు ఏమి చూడవచ్చును, ఎవరికి ఏది కనబడరాదు అను కట్టుబాట్లును కలవు. వెల లేదు, ఎవరైనను తెచ్చుకొని తమ సర్వరుపై నిలుపుకొనవచ్చును. 2020 నాటికి ప్రపంచమున 25 వేలకు పైగా పత్రికలు దానిని వాడుచున్నట్లు పి.కె.పి. పరిశోధకులు లెక్క తేల్చిరి. అందు ఇంచుమించు అయిదింట నాలుగు వంతులు ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా వంటి ధనహీన ప్రాంతములవే యనుట గమనింపదగిన సంగతి.

అయితే పనిముట్టు చేతికి వచ్చినంతమాత్రమున పనితనము రాదు. సాఫ్ట్‌వేరును అమర్చుకొనినవారు సందేహములతో ఉత్తరముల మీద ఉత్తరములు వ్రాయుటయు, ఆ సందేహములలో సగము యంత్రమును గూర్చినవి కాక సంపాదకత్వమును గూర్చినవే యగుటయు చూచినవారికి శిక్షణముయొక్క ఆవశ్యకత తెలియకపోదు. దూరదేశములకు గురువులను పంపి తరగతులు జరుపుట వ్యయసాధ్యము. 2004 మే నెలలో చెన్నైలోని ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనాసంస్థలో, ఈ యుద్యమమునకు మన దేశమున జీవితమును ధారపోసిన సుబ్బయ్య అరుణాచలం గారి పూనికతో, సంస్థాగత భాండారములను నెలకొల్పు విధానమును గూర్చి శిక్షణశిబిరములు జరిగినవి. అట్టి శిబిరము ఎంత మేలైనదైనను ఆ గదిలో పట్టినంతమందికే కదా ఉపకరించును! పి.కె.పి. స్కూలు పేర అంతర్జాలమున నడచు పాఠములు ఈ కొఱతను దీర్చుటకు పుట్టినవి. పత్రికను స్థాపించుట, సంపాదకుని విధులు, సమర్పణమునుండి ప్రచురణము వఱకు సాగు కార్యక్రమము మున్నగు విషయములపై పాఠమాలలు అందు కలవు. రుసుము లేదు, తరగతివేళ లేదు. ఎవరి తీరికనుబట్టి వారు చదువుకొనవచ్చును, నిలిపివేసి మఱల వచ్చి కొనసాగింపవచ్చును.

ఆ విద్య యెట్టిదో తెలియుటకు అందలి చిన్న విషయమొకదానిని దగ్గఱనుండి చూతము. కర్త యెవరో సమీక్షకునికి, సమీక్షకుడెవరో కర్తకు తెలియకుండ జరుగు సమీక్షను మంచి పత్రికలు పెక్కు పాటించును. క్రొత్తగా సంపాదకుడైన వ్యక్తి వ్యాసము మొదటి పుటనుండి పేరును, చిరునామాను తొలగించి, కర్తవ్యము ముగిసినదని తలచి, ఫైలును సమీక్షకునికి పంపును. కాని వర్డ్ ఫైలు తన గుణవివరములలో, అనగా ప్రాపర్టీస్ అను మూలన, దానిని సృష్టించినవాని పేరును దాచుకొనియే యుండును; సవరణగుర్తులలోను వ్యాఖ్యలలోను ఆ పేరు పలుమాఱులు కానవచ్చును; ‘నా పూర్వవ్యాసములో నేను నిరూపించినట్లు’ అని కర్త వ్రాసికొనిన వాక్యము, దాని క్రింది ఆధారసూచి, అతనిని ఇట్టే పట్టియిచ్చును. వీనినన్నిటిని తుడిచి పంపవలెనని శిక్షణములో చెప్పుదురు. ఇది సాఫ్ట్‌వేరు తనంతట తాను చేయు పని కాదు. చూచుటకు అల్పమైన ఈ జాగ్రత్త లోపించినచో, ఒక యువపరిశోధకుని వ్యాసము దాని గుణదోషములనుబట్టి గాక అతని గురువెవరు, అతని కళాశాల యెక్కడిది అనుదానినిబట్టి నిర్ణయింపబడు ప్రమాదము కలదు.

మఱియొక పాఠము సమీక్షకుని మాటలను కర్తకు చేర్చు విధమును గూర్చినది. సమీక్షకుడు కఠినముగా వ్రాయవచ్చును. ఒక్కొక్కప్పుడు అనాదరముగను వ్రాయవచ్చును. సంపాదకుడు దానిని ఉన్నదున్నట్లు చేరవేయు తపాలావాహకుడు కారాదు. ఇద్దఱు సమీక్షకులు పరస్పరవిరుద్ధముగా వ్రాసినప్పుడు ఏ సూచన పాటింపదగినదో, ఏది విడువదగినదో తానే నిర్ణయించి చెప్పవలెను. తిరస్కారలేఖ వ్రాసినను కర్త మఱునాడు తన వ్యాసమును సరిదిద్దుకొనుటకు వలసిన దారిని అందు చూపవలెను. ఇది నేర్పునకంటె సంస్కారమునకు సంబంధించిన విషయమని కొందఱందురు. సంస్కారమును సయితము ఆదర్శలేఖలు చూపి, అభ్యాసములు చేయించి, చాలవఱకు నేర్పవచ్చునని నా విశ్వాసము.

మన తెలుగువారికి బాగుగ అర్థమగు చిక్కొకటి పేరు వ్రాయుటలో నున్నది. వ్యాసమును నమోదు చేయునప్పుడు కర్త పేరును రెండు గడులలో నింపవలసియుండును. ఒకటి వ్యక్తి పేరునకు, మఱియొకటి ఇంటిపేరునకు. ఐరోపావారిలో పెక్కుమందికి ఇంటిపేరు చివర వచ్చును, మనకు మొదట. కొమఱ్ఱాజు వెంకట లక్ష్మణరావు గారివంటి మహావిద్వాంసుని నామమును తెలియనివారు పాశ్చాత్యపద్ధతిని నింపినచో, ఆయన సూచికలలో ‘రావు’ అను ఇంటిపేరు గలవారై, అదే విధముగా ‘రావు’లైన వేలాది యితరులలో కలిసిపోవుదురు. ఒక మనిషి జీవితకృషి అంతయు పరులఖాతాలో పడుట, పరుల తప్పులు తన ఖాతాలోనికి వచ్చుట ఈ విధముగనే జరుగుచున్నది. ఓ.జె.ఎస్. ఇటీవలి రూపములలో ఇంటిపేరు గడి నింపుట తప్పనిసరి కాదు; కర్త తన పేరు ఎట్లు కనబడవలెనో వేఱుగ సూచించుటకును చోటు కలదు. 2012లో ప్రారంభమైన ఆర్కిడ్ అను పదునాఱంకెల వ్యక్తిసంఖ్యయు ఈ గందరగోళమును నివారించుటకే ఏర్పడినది. ఈ గడుల యంతరార్థము తెలిసిన సంపాదకుడు ఒక్కడున్నను ఆ పత్రికలో వ్రాసిన తెలుగువారందఱును తమ తమ పేర్లతో నిలుతురు.

లైసెన్సు సంగతియు అట్టిదే. వ్యాసపు పి.డి.ఎఫ్.ను అంతర్జాలమున ఉంచినంతనే ఓపెన్ యాక్సెస్ అయినదని పలువురు భ్రమించుచున్నారు. హక్కులను గూర్చి యేమియు వ్రాయనిచో ఆ వ్యాసము చదువుకొనుటకే గాని మఱి దేనికిని పనికిరాదు. క్రియేటివ్ కామన్స్ సంస్థ రూపొందించిన అనుమతిపత్రములలో, కర్త పేరు చెప్పిన చాలునను రకము తగిలించిన వ్యాసమును తెలుగు పత్రికవారు అనుమతికై ఉత్తరము వ్రాయకయే అనువదించి అచ్చువేసికొనవచ్చును. మార్పులు చేయరాదను నిబంధన గల రకమును తగిలించినచో అనువదించి ప్రకటించుటకు వీలులేదు. మధుమేహమును గూర్చియో, వరిపైరు తెగుళ్లను గూర్చియో వెలువడిన వ్యాసము మన పల్లెలకు మన భాషలో చేరుట, ఎక్కడనో ఒక సంపాదకుడు ఒక చిన్న గడిలో ఏ రకపు అనుమతిపత్రము నెన్నుకొనెనో దానిపై ఆధారపడియున్నది. శిక్షణములో ఈ భాగమునకు నేను అన్నిటికంటె ఎక్కువ విలువ నిత్తును.

ఇక చెప్పక తప్పని సంగతి యొకటి కలదు. ఓపెన్ యాక్సెస్ ద్వారమునుండి సజ్జనులతోపాటు వంచకులును ప్రవేశించిరి. కొన్ని పత్రికలు చదువరినుండి గాక కర్తనుండి ప్రచురణరుసుమును గ్రహించు పద్ధతి నవలంబించినవి. ‘నేచర్’ పత్రిక 2020లో ఒక వ్యాసమునకు 9,500 యూరోలని ప్రకటించినదనిన ఆ రుసుము ఎంతవఱకు పోవచ్చునో ఊహింపవచ్చును. ధనము కర్త చేతినుండి వచ్చుచున్నప్పుడు వ్యాసమును తిరస్కరించుట నష్టమని యెంచి, సమీక్ష యనునది లేకయే యేదైనను అచ్చువేయు పత్రికలు పుట్టగొడుగులవలె పుట్టినవి. 2013లో జాన్ బొహానన్ అను పాత్రికేయుడు ‘సైన్స్’ పత్రిక పక్షమున, ఎవరైనను ఇట్టే పట్టుకొనదగిన దోషములతో కూడిన కల్పితవ్యాసమును 304 పత్రికలకు పంపగా, సగమునకు పైగా దానిని స్వీకరించినవి. అతడు వ్యాసమును పంపిన పత్రికలలో సుమారు మూడవ వంతు మన దేశమునుండి వెలువడునవి. హైదరాబాదునందు వేళ్లూనిన యొక ప్రచురణసంస్థపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో వ్యాజ్యము వేసెను. సమీక్ష జరిగినదని అబద్ధమాడుట, రుసుమును ముందు చెప్పక వ్యాసమును స్వీకరించిన పిమ్మట బయటపెట్టుట, విద్వాంసుల పేర్లను వారి యనుమతి లేక సంపాదకవర్గములో చూపుట అందలి యారోపణలు. 2019 మార్చిలో న్యాయస్థానము 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లింపుమని తీర్పు చెప్పినది. విద్యకు పేరొందిన నగరమునకు ఈ కీర్తి కలిగినందుకు మనము నొచ్చుకొనవలసియున్నది.

ఇట్టి పత్రికలలో కొన్ని అదే ఓ.జె.ఎస్. సాఫ్ట్‌వేరును వాడినవి. పుటలు అవే, దశలు అవే, గడులు అవే. సమీక్ష అను దశ మాత్రము ఖాళీగా దాటవేయబడినది. కావున ఉచితమైన సాఫ్ట్‌వేరును పంచుటతో ఊరకొన్నవారు సగము పనియే చేసినవారగుదురు. మోసపోయిన కర్తలలోను అధికసంఖ్యాకులు దురాశాపరులు కారు. ఉద్యోగమునకు, పదోన్నతికి ఇన్ని వ్యాసములు కావలెనను నిబంధన నెత్తిపై నుండగా, మంచి పత్రికకును చెడ్డ పత్రికకును భేదమును ఎవ్వరును నేర్పని యువకులు. ఐ.ఎస్.ఎస్.ఎన్. సంఖ్య యుండుట పత్రిక యోగ్యతకు ముద్ర యని మనలో ఎందఱో నమ్ముచున్నారు. అది పత్రికను గుర్తించు ఎనిమిదంకెల సంఖ్యయే గాని గుణనిర్ణయము కాదని, మన దేశమున దానిని అడిగినవారికి ఢిల్లీనుండి రుసుము లేకయే యిత్తురని మొదటిపాఠములోనే చెప్పవలసియున్నది.

విశ్వవిద్యాలయముల నిధుల సంఘము 2019 డిసెంబరులో ఈ దిశగా ఒక మేలి యడుగు వేసినది. పరిశోధన, ప్రచురణముల నీతిని గూర్చి రెండు క్రెడిట్ల, 30 గంటల పాఠ్యక్రమమును పీహెచ్‌డీ విద్యార్థులందఱికిని తప్పనిసరి చేయుచు, అందు ఓపెన్ యాక్సెస్ ప్రచురణమునకు ప్రత్యేకభాగమును కేటాయించిరి. మంచిదే, కాని ఆ భాగమునకు లభించినవి నాలుగు గంటలు మాత్రమే. అదియును వ్యాసకర్తలను ఉద్దేశించినది. పత్రికలను నడుపువారిని గాదు. కేంద్రప్రభుత్వము 2024 నవంబరులో ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ అను పథకమును ఆమోదించి, 30 ప్రచురణసంస్థలకు చెందిన ఇంచుమించు 13,000 పత్రికలను మన ప్రభుత్వ విద్యాసంస్థలవారు చదువుకొనుటకై మూడు సంవత్సరములకు 6,000 కోట్ల రూపాయలు ప్రత్యేకించినది. చదువరులకు ఇది గొప్ప ఉపకారమే యని ఒప్పుకొందును. అయినను పరుల పత్రికలను కొనుటకు వెచ్చించు ధనములో నూఱవవంతును మన పత్రికల సంపాదకులకు శిక్షణ నిచ్చుటకు వెచ్చించినచో, కొనవలసిన యక్కఱయే కొంత తగ్గునని నా దృఢాభిప్రాయము.

ఇది ఊహామాత్రము కాదనుటకు పొరుగుదేశముల నిదర్శనము కలదు. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డునందున్న ఐ.ఎన్.ఎ.ఎస్.పి. అను సంస్థ సహాయముతో బంగ్లాదేశ్, నేపాల్ దేశముల విద్వత్పత్రికలు ఓ.జె.ఎస్. పునాదిగా ఒక్కచోట చేరి అంతర్జాలమునకెక్కినవి. నేపాలు పత్రికల కూటమిని త్రిభువన్ విశ్వవిద్యాలయపు కేంద్రగ్రంథాలయము నడుపుచున్నది. ఖాట్మండూ దాటి యెవరికిని దొరకని సంచికలు ఈనాడు ఎక్కడివారికైనను దొరకుచున్నవి. ఐ.ఎన్.ఎ.ఎస్.పి. సంస్థయే 2007లో ప్రారంభించిన ఆథర్‌ఎయిడ్ అను కార్యక్రమము వ్యాసరచనను అంతర్జాలమున నేర్పుటయే గాక, అనుభవజ్ఞులైన పరిశోధకులను క్రొత్తవారికి మార్గదర్శకులుగ జతపఱచుచున్నది. అంతర్జాలశిక్షణమునకు సహజమైన కొఱత గురుముఖత లేకపోవుట; పాఠము చదివినవాడు సందేహము పుట్టినచోటనే ఆగిపోయి, మఱల రాకపోవుట సర్వసాధారణము. ఈ జతపఱచు పద్ధతి ఆ కొఱతను కొంతవఱకు పూరించుచున్నది. యునెస్కో 2015లో గ్రంథాలయశాస్త్ర పాఠశాలలకును పరిశోధకులకును వేర్వేఱుగ ప్రకటించిన ఓపెన్ యాక్సెస్ పాఠ్యక్రమమును సయితము వెల లేక ఎవరైనను తెచ్చుకొనవచ్చును.

పుస్తకమును అందఱికి అందించుటకు దానిని సంరక్షించు నిపుణుడు అవసరమను సత్యము దక్షిణదేశమునకు క్రొత్త గాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయసంఘము వెలసిన పిమ్మట గ్రంథాలయములు ఊరూర తలయెత్తినవి, 1929లో ఎస్.ఆర్. రంగనాథన్ గారు మద్రాసు గ్రంథాలయసంఘము పక్షమున గ్రంథపాలకులకు శిక్షణతరగతులు ప్రారంభించిరి. ఈనాడు విద్వత్పత్రికను నడుపవలసిన భారము అనేకచోట్ల ఆ గ్రంథపాలకుల వారసులపైననే పడుచున్నది.

కాని పైని చెప్పిన అంతర్జాలపాఠములు ప్రధానముగ ఇంగ్లీషులోను, కొన్ని యితర పాశ్చాత్యభాషలలోను నున్నవి. తెలుగులో సాహిత్యవిమర్శను, శాసనపరిశోధనను, జానపదవిజ్ఞానమును ప్రకటించు పత్రికల యవసరములు అందు కనబడవు. ఉదాహరణకు, డీటీపీ దుకాణములలో నేటికిని వాడుకలోనున్న యూనికోడేతర ఫాంట్లతో కూర్చిన తెలుగు వ్యాసము తెరపై ముత్యములవలె కనబడును గాని, ఆ పి.డి.ఎఫ్.లోని యక్షరములను వెదకుయంత్రము చదువబోయినచో దానికి అర్థరహితమైన ఇంగ్లీషు గుర్తుల కుప్ప దొరకును. నన్నయను గూర్చి వ్రాసిన వ్యాసము నన్నయ పేరుతో వెదకినవానికి దొరకదు. ఇరువది సంవత్సరముల సంచికలు ఇట్లు కంటికి కనబడుచు లోకమునకు కనబడక యున్నవి. వీనిని యూనికోడులోనికి మార్చుట, ప్రతి వ్యాసమునకు తెలుగునను ఇంగ్లీషునను సంగ్రహమును శీర్షికను నమోదు చేయుట, కర్తల యింటిపేర్లను సరియైన గడిలో నింపుట, లైసెన్సు నెన్నుకొనుట మున్నగునవి ఒక తెలుగు పాఠమాలకు తగిన విషయములు. ఓ.జె.ఎస్. పుటలలోని మాటలను ఆయా భాషలలోనికి మార్చువారు ప్రపంచమంతటను స్వచ్ఛందసేవకులే. తెలుగు విశ్వవిద్యాలయములలోని భాషాశాఖ యొకటి, గ్రంథాలయశాస్త్రశాఖ యొకటి చేయి కలిపినచో ఆ పనియు, ఈ పాఠమాలయు ఒక్క విద్యాసంవత్సరమున పూర్తియగుట కష్టము కాదు.

ఆ పిమ్మట ఒక జిల్లాకళాశాల పత్రికను ‘డైరెక్టరీ ఆఫ్ ఓపెన్ యాక్సెస్ జర్నల్స్’లో చేర్పింపవలెనన్నచో చేయవలసినది ఎంత? సంవత్సరమునకు కనీసము అయిదు పరిశోధనావ్యాసములు వెలువరింపవలెను, సంపాదకవర్గము ఎవరో, సమీక్ష ఎట్లు జరుగునో, రుసుము ఉన్నదో లేదో, చదువరికి ఏ హక్కులు కలవో స్పష్టముగ ప్రకటింపవలెను, ప్రకటించినదానిని పాటింపవలెను. దరఖాస్తుకు రుసుము లేదు. సంవత్సరమునకు అయిదు మంచి వ్యాసములు వ్రాయగల విద్వాంసులు మన జిల్లాలలో లేకపోలేదు; వానిని నియమముగ సమీక్షించి, సక్రమముగ నమోదు చేసి వెలువరింపగల సంపాదకుడే కావలసియున్నాడు.